మల్టీమీటర్ ప్రోబులు సొంతంగా చేసుకుంటే మొనకు ఏ లోహం మంచిది?

జడ్చర్ల_బెంచ్

అన్నలందరికీ నమస్తే. జడ్చర్లలో నాకు చిన్న రిపేరు షాపు ఉంది. ఎల్ఈడీ టీవీలు, సెట్‌టాప్ బాక్సులు, ఇన్వర్టర్ కార్డులు ఎక్కువగా వస్తాయి. మీటర్ మంచిదే, దాని వైర్లతోనే పరేషాన్. మొన మొద్దుగా ఉండి, ఐసీ కాలు మీద పెడితే పక్క కాలికీ తగులుతుంది. లాకర్ (తేమ తగలకుండా పూసే వార్నిష్) కొట్టిన బోర్డు మీద ఎంత నొక్కినా రీడింగ్ నిలవదు. వైరేమో ప్రోబు మెడ దగ్గర లోపలే తెగిపోతుంది, బయటికి కనిపించదు. కొత్త జత కొంటే అదీ అదే సరుకు.

అందుకే సొంతంగా ఒక జత చేసుకుందామని ఉంది. చేతిలో ఉన్నవి: సైకిల్ స్పోకులు, కుట్టు సూదులు, ఒక ఇత్తడి కడ్డీ ముక్క, హౌస్ వైరింగులో మిగిలిన రాగి తీగ. రాగికి రెసిస్టెన్స్ తక్కువ కాబట్టి రాగి మొనే పెట్టాలని, స్టీలు పెడితే ఓమ్స్ తప్పు చూపిస్తుందని దోస్తు ఒకడు గట్టిగా అంటున్నాడు. నిజమేనా? పిడి దేనితో చేయాలి, వైరు ఏది తీసుకోవాలి, అది కూడా చెప్పండి.

వనపర్తి_మేకర్

అన్నా, రాగి కూడా కాదు, వెండి బెస్ట్. లోహాలన్నిటిలో రెసిస్టెన్స్ తక్కువ దానికే. లేదంటే స్టీలు సూదికి బంగారు పూత వేయించు, పట్టుగొలుసులకు పూత వేసే షాపులో చిన్న పనే కదా. కంపెనీ ప్రోబుల్లో ఖరీదైనవన్నీ గోల్డ్ ప్లేటెడే.

పాతరేడియో_నల్లగొండ

తమ్మీ, ముందు ఒక మాట చెప్పు. ప్రోబుతో నువ్వు చేసే పనేంటి? గుచ్చడం. గుచ్చే వస్తువుకు మొదట కావలసింది గట్టిదనం. రాగి తీగను ఆకురాయితో ఎంత సన్నగా సానబెట్టినా రెండు రోజుల్లో మొన చదునైపోతుంది. వెండి దానికన్నా మెత్తన, పైగా గాలికి నల్లబడుతుంది. ఇత్తడి కొంత నయం, కానీ లాకర్‌ను చీల్చేంత బలం దానికీ లేదు.

వాల్వు రేడియోల కాలంలో మేము గ్రామఫోను ముల్లును ప్రోబు మొనకు లెడ్డుతో (సోల్డర్‌తో) అతికించేవాళ్లం. పాట అయిపోగానే పారేసే ముల్లు అది, ఊరికే దొరికేది, గట్టి స్టీలు. ఓమ్స్ తప్పు చూపించిందని అప్పుడు ఎవరూ లొల్లి పెట్టలేదు. లెక్క కావాలంటే మేడం గారు చెబుతారు.

బంగారు పూత సంగతి: కదలకుండా కూర్చునే కనెక్టర్‌కు అది బాగా పనికొస్తుంది, తుప్పు పట్టదు, పొర కట్టదు. రోజంతా గీకే మొన మీద ఆ పలుచని పూత ఎన్నాళ్లు ఉంటుంది? వెండి నగల షాపులో వేసేది ఇంకా పలుచన. అరిగిపోయాక మిగిలేది కింద ఉన్న లోహమే కదా, అదేదో ముందే మంచిది చూసుకోవాలి.

పాలిటెక్నిక్_మేడం

నన్ను పిలిచారు కాబట్టి లెక్క వేసే పెడతాను. మొన 1 మి.మీ. మందం, 4 సెం.మీ. పొడవు అనుకుందాం. రాగి అయితే దాని రెసిస్టెన్స్ ఒక మిల్లీ ఓం కూడా ఉండదు. ఇత్తడికి సుమారు 3 మిల్లీ ఓంలు. మామూలు స్టీలుకు ఆ రకాన్ని బట్టి 10 మిల్లీ ఓంలకు అటూ ఇటూ. వీటిలో అన్నిటికన్నా ఎక్కువ స్టెయిన్‌లెస్ స్టీలుకు, సుమారు 37 మిల్లీ ఓంలు. అంటే రాగి కన్నా 40 రెట్లు ఎక్కువ. వినడానికి పెద్ద తేడానే. కానీ రెండు స్టెయిన్‌లెస్ మొనలు కలిపినా 0.07 ఓం. మన మీటర్‌లో 200 ఓంల రేంజి చూపించే చివరి అంకె విలువ 0.1 ఓం. అంటే జత మొత్తం స్టెయిన్‌లెస్ పెట్టినా ఒక అంకె కూడా పూర్తిగా మారదు.

ఇప్పుడు వైరు చూడండి. చవక ప్రోబుల్లో లోపల రాగి 0.1 చదరపు మి.మీ. ఉంటే మీటరు పొడవుకు 0.17 ఓం, రెండు వైర్లకు 0.34. మొనల కన్నా వైరే ఐదు రెట్లు ఎక్కువ తినేస్తోంది. అదే 0.75 చదరపు మి.మీ. వైరు వేస్తే రెండూ కలిపి 0.05 లోపే. మీ దోస్తు రాగి కావాలన్నది సరైన మాటే, కాకపోతే అది మొనలో కాదు, వైరులో ఉండాలి.

వోల్టేజీ కొలిచేటప్పుడు ఈ లెక్క అసలు అక్కర్లేదు. మీటర్ లోపలి రెసిస్టెన్స్ చవక వాటికి 1 మెగా ఓం, మంచివాటికి 10 మెగా ఓంలు. దాని ముందు 0.07 ఓం ఎంత?

నిజంగా రీడింగును చెడగొట్టేది మొన లోపలి లోహం కాదు, మొన తాకే చోటు. రెండు లోహాల మధ్య ఆక్సైడు పొర, ఫ్లక్స్ జిగురు, చెమట, తుప్పు ఉంటే అక్కడ సగం ఓం నుంచి కొన్ని ఓంల దాకా వస్తుంది, అదీ నిలకడగా ఉండదు. అంకెలు ఎగురుతున్నాయంటే కారణం అదే. ఆ పొరను చీల్చడానికి సన్నని గట్టి మొన కావాలి. చేతి బలం అంతే ఉన్నా మొన సన్నబడేకొద్దీ ఒత్తిడి పెరుగుతుంది. కాకా చెప్పింది అక్షరాలా నిజం.

అల్యూమినియం మాత్రం వద్దు. దాని ఆక్సైడు మంచి ఇన్సులేటర్, గీకిన క్షణంలోనే మళ్లీ కట్టుకుంటుంది, లెడ్డు కూడా పట్టదు.

కండెల_రాట్నం

మాది నారాయణపేట, ఇంట్లో మగ్గాలు ఉన్నాయి. రాట్నానికి వాడే కదురు స్టీలుదే, మొన బాగా ఉంటుంది. పాత కదురు ఒకటి తెచ్చి వంచి చూశాను, గట్టిగానే ఉంది. ఇది పనికొస్తుందా?

పాతరేడియో_నల్లగొండ

పనికొస్తుంది, కానీ టీవీ బోర్డుకు అది లావు. బ్యాటరీ టెర్మినళ్ల మీద, కారు వైరింగులో వాడుకో. పూత లేని స్టీలు కాబట్టి తుడిచి ఒక చుక్క మిషన్ నూనె రాసి పెట్టు, లేకుంటే వానకాలంలో తుప్పు పడుతుంది. బస్తాలు కుట్టే దబ్బనం సంగతీ ఇంతే.

కండెల_రాట్నం

సరే కాకా. అయితే టైలర్ల మిషను సూది చూడండి. చేతి సూదికి తల దగ్గరా మొన దగ్గరా ఒకే మందం, పట్టుకోవడం కష్టం, వంగుతుంది. ఇంటి మిషను సూదికి పైభాగం 2 మి.మీ. లావు, ఒక వైపు చదును. కిందికి వచ్చేసరికి సన్నబడుతుంది. పాకెట్ మీద నంబరు ఉంటుంది కదా, 16 అంటే సన్నభాగం 1.0 మి.మీ., 14 అంటే 0.9. పైన మెరిసే పూత కూడా ఉంటుంది, తొందరగా తుప్పు పట్టదు. ఏ ఊళ్లోనైనా లైనింగు గుడ్డలు అమ్మే షాపులో దొరుకుతుంది.

జడ్చర్ల_బెంచ్

మిషను సూది ఐడియా మస్తుంది. మొన దగ్గర దారం కన్నం ఉంటుంది కదా, అక్కడ విరగదా?

కండెల_రాట్నం

పక్కకు వంచితే విరుగుతుంది, నిలువుగా గుచ్చితే ఏం కాదు. అసలు విరిగినా మార్చుకునేలా పెట్టుకోవాలి. దాన్ని లెడ్డుతో శాశ్వతంగా అతికిస్తే ప్రతిసారీ తిప్పలే.

టిగ్_వెల్డింగ్_షాద్‌నగర్

గట్టిదనమే కావాలంటే టంగ్‌స్టన్ కూడా బాగుంటుంది. టిగ్ వెల్డింగులో వాడే రాడ్లు 1.6 మి.మీ., 2.4 మి.మీ. సైజుల్లో దొరుకుతాయి. పొట్టివైపోయి పారేసే ముక్కలు వెల్డింగు షాపుల్లో అడిగితే ఇస్తారు. గ్రైండరు మీద మొన తీస్తే సూదిలా వస్తుంది, తొందరగా అరగదు. రెసిస్టెన్స్ కూడా ఇత్తడి కన్నా కాస్త తక్కువే.

ఒక జాగ్రత్త. చివర ఎర్ర రంగు గుర్తున్న రాడ్లలో థోరియం కలిపి ఉంటుంది. రాడ్డు చేత్తో పట్టుకుంటే భయం లేదు కానీ గ్రైండు చేసేటప్పుడు లేచే ధూళి పీల్చకూడదు, దానికి కొద్దిగా రేడియోధార్మికత ఉంది. ఎర్రది పక్కన పెట్టి వేరే రంగుది అడగండి. గ్రైండింగు రాడ్డు పొడవు వెంట పడేలా చేయండి, అడ్డంగా చేస్తే గీతల దగ్గర పెళుసుబారి చివర ఊడిపోతుంది.

టంగ్‌స్టన్‌కు లెడ్డు పట్టదు. ఇత్తడి గొట్టంలో దూర్చి నొక్కాలి, లేదా మరతో బిగించాలి.

వనపర్తి_మేకర్

స్టెయిన్‌లెస్‌కు కూడా మామూలు రోసిన్ ఫ్లక్స్‌తో పట్టదు కదా?

పాతరేడియో_నల్లగొండ

పట్టదు. జింక్ క్లోరైడు ఫ్లక్సో ఫాస్ఫారిక్ యాసిడ్ ఫ్లక్సో వాడాలి, తర్వాత నీళ్లతో బాగా కడగాలి. కడగకుంటే ఆ యాసిడు రాగి తీగలోకి పాకి లోపల్లోపల తినేస్తుంది. నా సలహా ఏ లోహమైనా మొనను అతికించవద్దు, బిగించు. వైరును మాత్రం ఇత్తడికి అతికించు, దానికి లెడ్డు హాయిగా పడుతుంది.

దీనికి వస్తువు నీ దగ్గరే ఉంటుంది. ఫ్యాను, ట్యూబులైటు కనెక్షన్లకు వాడే ప్లాస్టిక్ కనెక్టర్ స్ట్రిప్ ఉంది చూడు, దాని ప్లాస్టిక్ కోసేస్తే లోపల రెండు మరలున్న చిన్న ఇత్తడి గొట్టం వస్తుంది. ఒక మర కింద వైరు, ఇంకో మర కింద సూది. సూది పోతే మర విప్పి కొత్తది పెట్టుకోవడమే. కొనేటప్పుడు అయస్కాంతం పెట్టి చూడు, అంటుకుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము.

మిల్లు_ఫిట్టర్

మిర్యాలగూడ నుంచి. ఇంతసేపూ అందరూ మొన గురించే మాట్లాడుతున్నారు, పిడి గురించి ఒక్కరూ అడగలేదు. రైస్ మిల్లులో ప్యానెల్ బోర్డుల మీద పని నాది. సూదులు, స్పోకులు, కదుళ్లు అంటుంటే నాకు టెన్షన్ వస్తోంది, అందుకే రాస్తున్నా.

త్రీ ఫేజ్ ప్యానెల్ దగ్గర బయటికి కనిపించే లోహమే అసలు ప్రమాదం. 4 సెం.మీ. సూది మొత్తం బయటికి ఉందనుకోండి. ఆర్ ఫేజ్ మీద పెట్టబోతే చెయ్యి జారి, సూది పక్క భాగం వై ఫేజ్ మరకు తగులుతుంది. లెక్క చూడండి. పొలాల దగ్గర కనిపించే 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ 433 వోల్టుల వైపు ఫుల్ లోడు కరెంటు 133 ఆంపియర్లు. దాని ఇంపీడెన్స్ (కరెంటును లోపల అడ్డుకునే గుణం) 4.5 శాతం. టెర్మినళ్ల దగ్గర షార్ట్ అయితే 133ను 0.045తో భాగించాలి, దాదాపు 3 వేల ఆంపియర్లు. ఆ కరెంటుకు సూది ఆవిరైపోతుంది, ఆ ఆవిరిలోనే మంట నిలబడుతుంది. ముఖం, చేతులు కాలేది దానికే, షాకుకు కాదు.

అందుకే ప్రోబుల కోసం ఐఈసీ 61010-031 అనే ప్రమాణం ఉంది. క్యాట్ 3, క్యాట్ 4 (కొలిచే చోటు మెయిన్ సరఫరాకు ఎంత దగ్గరో చెప్పే తరగతులు) చోట్ల వాడే ప్రోబుకు బయటికి కనిపించే లోహం 4 మి.మీ. దాటకూడదు. క్యాట్ 2 చోట్ల, అంటే ప్లగ్గుకు తగిలించే ఇంటి వస్తువుల దగ్గర, 19 మి.మీ. దాకా ఒప్పుకుంటారు. మెయిన్ బోర్డు, మోటరు స్టార్టరు, మిల్లు ప్యానెల్ ఇవన్నీ క్యాట్ 3 కిందికి, మీటరు బయట సర్వీసు వైరు క్యాట్ 4 కిందికి వస్తాయి. వేళ్లు జారకుండా పిడికి అంచు ఉండాలి, వైరుకు రెండు పొరల ఇన్సులేషన్ ఉండాలి, మీటర్‌లోకి వెళ్లే పిన్ను చుట్టూ కవచం ఉండాలి. మంచి సిలికాన్ వైర్లలో లోపలి పొర వేరే రంగులో ఉంటుంది, పైపొర తెగితే ఆ రంగు కనిపించి పక్కన పడేయమని చెబుతుంది. ఇవేవీ మనం ఇంట్లో పెన్ను గొట్టంతో చేయలేం.

బోర్డు రిపేరుకు చేసుకోండి, కాదనను. స్టార్టరు డబ్బా దగ్గరికి మాత్రం అది తీసుకెళ్లకండి.

వనపర్తి_మేకర్

అన్నా, వైరు మధ్యలో ఒక గ్లాసు ఫ్యూజు పెడితే సేఫే కదా?

మిల్లు_ఫిట్టర్

ఏ ఫ్యూజు? షాపులో దొరికే 20 మి.మీ. గ్లాసు ఫ్యూజు 250 వోల్టులది. మామూలు రకం సురక్షితంగా తెంపగలిగేది 35 ఆంపియర్లు, లేదా ఫ్యూజు రేటింగుకు పది రెట్లు, ఏది ఎక్కువైతే అది. ఎదురుగా ఉన్నది 3 వేలు. గ్లాసు పగిలి లోపల మంట అలాగే నిలుస్తుంది. ఫ్యూజు ఉన్న ప్రోబులు కంపెనీవి దొరుకుతాయి, వాటిలో ఇసుక నింపిన హెచ్ఆర్‌సీ (పెద్ద కరెంటునూ తెంపగల) ఫ్యూజు ఉంటుంది.

ఇంకోటి, చవక మీటర్లలో 10 ఆంపియర్ల సాకెట్ పక్కన అన్‌ఫ్యూజ్డ్ అని రాసే ఉంటుంది. ఎర్ర వైరు దాంట్లో ఉండగా వోల్టేజీ చూడబోతే రెండు ఫేజుల మధ్య మనమే తీగ వేసినట్టు.

జడ్చర్ల_బెంచ్

అన్నా, నేను ప్యానెళ్ల జోలికి పోను. నావి బోర్డులే, అన్నీ 5 వోల్టులు, 12 వోల్టులు. మహా అయితే బ్యాక్‌లైటు.

మిల్లు_ఫిట్టర్

టీవీ పవర్ సప్లై రిపేరు చేయవా తమ్మీ? బ్రిడ్జి డయోడు తర్వాత ఉన్న పెద్ద కెపాసిటర్ మీద ఎంత ఉంటుంది?

పాతరేడియో_నల్లగొండ

230 వోల్టులు ఏసీ అంటే శిఖరం దగ్గర 325. ఆ కెపాసిటర్ మీద అంతే డీసీ నిలబడుతుంది. పవర్ ఫ్యాక్టర్ సర్క్యూట్ ఉన్న పెద్ద టీవీల్లో 380, 390 దాకా ఉంటుంది. ప్లగ్గు పీకాక కూడా, బ్లీడరు రెసిస్టరు (కెపాసిటర్‌ను ఖాళీ చేసేది) పోయి ఉంటే, చాలాసేపు దిగదు. ఒకే బోర్డు మీద ట్రాన్స్‌ఫార్మర్‌కు ఇటు 12 వోల్టులు, అటు ప్రాణం తీసేది. మధ్యలో ఉన్నది కొన్ని మిల్లీమీటర్ల ఖాళీ గీత. తమ్ముడు బోర్డులే అన్నాడు కాబట్టి ఈ గీతే అతని హద్దు అనుకోవాలి. సెకండరీ (12 వోల్టుల) వైపు సూది, ప్రైమరీ (మెయిన్స్) వైపు కంపెనీ ప్రోబు. బ్యాక్‌లైటు కూడా చిన్నది కాదు, ఎల్ఈడీలు ఎన్ని వరసగా ఉంటే అంత. చాలా సెట్లలో 100 వోల్టులు దాటుతుంది.

పాలిటెక్నిక్_మేడం

మా ల్యాబులో పిల్లలకు 60 వోల్టుల డీసీ, 30 వోల్టుల ఏసీ అని హద్దు చెబుతాం. పొడి చేతులకు, మామూలు గదికి ఆ లెక్క. చెమట చేతులకు ఇంకా తగ్గించుకోవాలి. ఫిట్టర్ గారు చెప్పిన 4 మి.మీ. నియమం బోర్డు మీద కూడా పనికొస్తుంది, కారణం వేరే అయినా. సూదికి చివరి 3 మి.మీ. వదిలి మిగతాదంతా సన్నని హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే బిగుసుకునే గొట్టం) తొడగండి. ఐసీ పక్క కాళ్లకు తగిలే బాధ దాంతో సగం పోతుంది. మొన జారి గేటు నుంచి డ్రెయిన్‌కు షార్ట్ అయితే మాస్‌ఫెట్ (ఒక రకం ట్రాన్సిస్టర్) పోవడానికి ఒక్క క్షణం చాలు. ఆ స్లీవును హై వోల్టేజీ రక్షణ అని మాత్రం అనుకోవద్దు, అది పలుచన.

సూదితో 10 ఆంపియర్ల కరెంటు కొలవవద్దు కూడా. స్టెయిన్‌లెస్ సూదిలో 37 మిల్లీ ఓంలు అన్నాం కదా, 10 ఆంపియర్లకు 3.7 వాట్లు అక్కడే వేడిగా మారుతుంది. స్లీవ్ కరిగి చెయ్యి కాలుతుంది. కరెంటుకు మొసలి క్లిప్పులు వాడండి.

బోరు_మోటర్_దేవరకొండ

నాది సబ్‌మెర్సిబుల్ మోటర్ల వైండింగ్. స్టార్టరు డబ్బా గురించి ఫిట్టరన్న చెప్పినదానికి ఒకటి కలుపుతా. 2018 జనవరి నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినా, చాలా డబ్బాల్లో పాత ఆటో స్టార్టర్లు అలాగే ఉన్నాయి. కరెంటు లేదని ప్రోబు పెడతాం, సరఫరా వచ్చిందంటే మోటరు దానంతట అదే ఎత్తుకుంటుంది. ముందు ఫ్యూజులు పీకాలి, కెపాసిటర్ డిశ్చార్జి చేయాలి, ఆ తర్వాతే ఓమ్స్.

నా ప్రశ్న వేరే. వైండింగ్ ఓమ్స్ ఫేజుకు ఒకటి రెండు ఓంలే ఉంటాయి. మూడు ఫేజులూ సమానంగా ఉన్నాయా అని చూడాలి. 1.9, 2.0, 2.2 వస్తే తేడా వైండింగ్‌దా, ప్రోబుదా? దీనికి మొన ఏది పెట్టాలి?

పాలిటెక్నిక్_మేడం

ఏ మొనా దీన్ని తీర్చదు. రెండు ప్రోబులూ ఒకదానికొకటి తాకించి వచ్చిన అంకెను తీసేయడం మొదటి మెట్టు, అప్పుడు వైరు తేడా పోతుంది, తాకే చోటు తేడా పోదు. దానికి నాలుగు తీగల పద్ధతి కావాలి. 12 వోల్టుల బ్యాటరీకి ఒక హెడ్‌లైట్ బల్బును వరసలో పెట్టి వైండింగ్‌లోకి కరెంటు పంపండి, ఆ కరెంటును ఒక మీటర్‌తో చూడండి. రెండో మీటర్ ప్రోబులను నేరుగా వైండింగ్ చివరలకు, కరెంటు క్లిప్పులకు లోపలి వైపు పెట్టి వోల్టేజీ చదవండి. 2 ఆంపియర్లకు 4.2 వోల్టులు వస్తే వైండింగ్ 2.1 ఓంలు. వోల్టేజీ ప్రోబుల్లో కరెంటు దాదాపు పారదు కాబట్టి వాటి మొన తుప్పుపట్టిన దబ్బనమైనా పెద్ద తేడా రాదు. మూడు ఫేజులూ ఒకే వేడిలో ఉన్నప్పుడు కొలవండి, రాగి రెసిస్టెన్స్ డిగ్రీకి 0.4 శాతం పెరుగుతుంది. ఎండలో పెట్టిన మోటరును నీడలోదానితో పోల్చకండి.

విప్పేటప్పుడు ముందు వోల్టేజీ ప్రోబులు తీయండి, తర్వాతే బ్యాటరీ. వైండింగ్‌లో కరెంటు ఒక్కసారి తెగితే వచ్చే ఎదురు వోల్టేజీ దెబ్బ మీటర్‌కు, మీకు రెండిటికీ మంచిది కాదు.

బోరు_మోటర్_దేవరకొండ

ఇది రేపే చేస్తా మేడం.

వనపర్తి_మేకర్

పిడి సంగతి. నేను త్రీడీ ప్రింటర్‌తో చేసిస్తా అన్నా, పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో. సైజు చెప్పు.

పాతరేడియో_నల్లగొండ

పీఎల్‌ఏ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుందని నువ్వే ఇంకో చోట రాశావు. మే నెలలో నల్లగొండ ఎండకు బండి డిక్కీలో పెడితే వంకర పోతుంది. పెట్‌జీ ప్లాస్టిక్ అయితే నయం. ప్రింటు పొరల మధ్య సన్నని సందులు ఉంటాయి, వాటిలోకి చెమట, ధూళి చేరతాయి. 12 వోల్టులకు ఏమీ కాదులే.

వెదురు పుల్ల, కర్ర అని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెబుతున్నా: ఆరినప్పుడు బాగానే ఉంటుంది, తేమ పీల్చాక కాదు. లావుపాటి ప్లాస్టిక్ పెన్ను గొట్టమే అన్నిటికన్నా సులువు. లోహపు గొట్టం పెన్ను, లోహపు క్లిప్పు ఉన్నది తీసుకోవద్దు. కనెక్టర్ ఇత్తడి ముక్కను లోపల దూర్చి రెండు పాళ్ల ఎపాక్సీతో నింపేస్తే కదలదు. సూది మర దగ్గరికి మాత్రం ఎపాక్సీ పోనీయకు. ఆ మర కోసం గొట్టానికి చిన్న కన్నం పెట్టి, బిగించాక దాని మీద కూడా స్లీవ్ వేయాలి.

వైరు: సన్నని పోగులు ఎక్కువగా ఉన్న సిలికాన్ వైరు. 0.08 మి.మీ. పోగులు 150 ఉన్నదైతే 0.75 చదరపు మి.మీ. వస్తుంది, తాడులా ఒంగుతుంది, సోల్డరింగ్ ఐరన్ తగిలినా కరగదు. పీవీసీ వైరు మన ఎండలకు కొన్నేళ్లలో బిరుసెక్కుతుంది. సిలికాన్‌కు ఒక లోపం ఉంది, బ్లేడు గీత పడితే సులువుగా చీలుతుంది.

ఇక మెడ దగ్గర తెగడం. లెడ్డు పోగుల్లోకి పాకి కొంత దూరం గట్టిపడుతుంది. గట్టి భాగం, మెత్తటి భాగం కలిసే చోటే ఒంగి ఒంగి తెగుతుంది. కాబట్టి లెడ్డు పాకిన భాగమంతా పిడి లోపలే ఉండాలి. బయటికి వచ్చే చోట ఒకదాని మీద ఒకటి రెండు స్లీవులు, పైది పొడవుగా ఉంటే ఒంపు ఒకే చోట పడదు. మర కింద బిగించే చివరకు మాత్రం లెడ్డు పూయకు. ఒత్తిడికి అది నెమ్మదిగా జరిగి మర వదులవుతుంది. ఇత్తడి ముక్కకు అతికించు, లేదా పోగులను ఉత్తగా మెలిపెట్టి చివర గొట్టం తొడిగి బిగించు. రెండిట్లో ఒకటి.

జడ్చర్ల_బెంచ్

జత అయిపోయింది. 16 నంబరు మిషను సూది, కనెక్టర్ స్ట్రిప్ ఇత్తడి, తెల్ల పెన్ను గొట్టం, సిలికాన్ వైరు. పాత వైర్లు తాకిస్తే 0.6 చూపించే మీటరు ఇప్పుడు 0.1 చూపిస్తోంది. లాకర్ బోర్డు మీద కొంచెం నొక్కితే చాలు, బీప్ తెగకుండా వస్తోంది. రెండు చిన్న సమస్యలు. సూది మర కింద తిరుగుతోంది. ఇంకోటి, సూదికి చిన్న రెసిస్టర్లు అంటుకుని లేస్తున్నాయి!

కండెల_రాట్నం

సూది చదును వైపు మర మొన పడేలా తిప్పి బిగించు. మిషన్‌లోనూ ఆ చదును ఉన్నది సూదిని ఒకే దిక్కున నిలబెట్టడానికే.

పాతరేడియో_నల్లగొండ

సూదికి అయస్కాంతం పట్టింది. స్పీకర్ పక్కన పెట్టావా? సర్ఫేస్ మౌంట్ రెసిస్టర్ల చివరల్లో నికెల్ పొర ఉంటుంది, అందుకే లేస్తాయి. పాత పద్ధతి, ఏసీ ట్రాన్స్‌ఫార్మర్ సోల్డరింగ్ గన్ నడుస్తుండగా దాని చుట్టలోంచి సూదిని మెల్లగా దూరంగా లాగు, పోతుంది. స్టెయిన్‌లెస్ స్పోకు అయితే ఈ బాధ చాలా తక్కువ.

మిల్లు_ఫిట్టర్

పిడి చుట్టూ అల్యూమినియం ఫాయిలు గట్టిగా చుట్టి, సూదికీ ఫాయిలుకూ మధ్య 500 వోల్టుల మెగ్గరు (ఇన్సులేషన్ కొలిచే మీటరు) పెట్టి చూడు. మీ ఊళ్లో మోటరు వైండింగ్ షాపులో మెగ్గరు ఉంటుంది. మర కన్నం దగ్గర లీకేజీ ఉంటే అక్కడే తేలుతుంది. అది బాగా వచ్చినా పిడి మీద "సెకండరీ మాత్రమే" అని మార్కరుతో రాయి. షాపులో పనిచేసే పిల్లగాడు ఏ ప్రోబు దొరికితే అది తీసుకుంటాడు.

జడ్చర్ల_బెంచ్

మెగ్గరులో ముల్లు ఇన్‌ఫినిటీ దగ్గరే నిలిచింది అన్నా. పేరు కూడా రాశాను. ప్రైమరీ వైపుకు క్యాట్ 3 రాసి ఉన్న జత ఆర్డరు పెట్టాను. మీటర్ వైపు కవచం ఉన్న 4 మి.మీ. బనానా పిన్నులు ఇక్కడ దొరకడం లేదు, ఇప్పటికి కవచం లేనివే పెట్టాను. అవి ఎక్కడ దొరుకుతాయి?

వనపర్తి_మేకర్

కోఠి గుజరాతీ గల్లీలో అడుగు అన్నా. మీ మీటర్ సాకెట్ లోతు చూసుకుని పో, కొన్ని చవక మీటర్లలో కవచం ఉన్న పిన్ను పూర్తిగా లోపలికి దిగదు. వీలైతే మీటరే జేబులో వేసుకుని వెళ్లు.